దాచిన పసుపు

మే 6, సోమవారం

ఉదయం ఏడింటికి పల్చటి మబ్బు. నీడలు లేవు. ఎదురు డాబా గోడ, సున్నంలో బూడిద కలిపినట్టుంది. పది దాటాక ఎండ తేలింది. గోడ తెల్లబడింది.

పని: సీను 9 పూర్తయింది. సీను 10లో గడ్డి రంగు మూడుసార్లు మార్చాం. చివరికి మొదటిదే బాగుందన్నారు.

రోజూ ఏడింటి వెలుతురు రెండు ముక్కల్లో రాసిపెట్టమని పెద్దమ్మ చెప్పి ఇరవై మూడేళ్లయింది. ఇది పదిహేడో నోటుబుక్కు. వెలుతురు, ఆరోజు పని, అంతకుమించి ఒక్క ముక్క రాయకూడదని ఆమె నియమం. ఈమధ్య నేను ఇంకా ఏవో రాస్తున్నాను. ఎవరూ చూడరు.

రంగుల సెక్షనుకు ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లకు ఈ బొమ్మల సినిమా కథ నేనే చెప్పాను. ఒక పిల్ల కోపంలో ఇంటి గాడిద కట్టు విప్పేస్తుంది. అది వెళ్లిపోతుంది. పిల్ల వెతుక్కుంటూ ఉప్పుమళ్లు దాటి ఎక్కడికో పోయి, నాలుగో రోజు సందెవేళ గాడిదతో తిరిగొస్తుంది. అవ్వ తలుపు తీస్తుంది. లోపల దీపం. డెబ్బై నిమిషాలు, నలభై ఒక్క సీను.

"ఇంతేనా అండీ?" అన్నాడు ఒకడు.

"ఇంతే. మిగతాదంతా రంగు," అంది పెద్దమ్మ వెనకనుంచి.

ఆఫీసులో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. నాకొక్కడికే నిజంగా పెద్దమ్మ, మా అమ్మకు అక్క. నా పద్దెనిమిదో ఏట పొలం పనుల్లోంచి తీసుకొచ్చి, ఉప్పు, సుద్దముక్క, గుడ్డుపెంకు, పాత బనీను, ఇలా తొమ్మిది తెల్లవస్తువులు బల్లమీద పెట్టి, బాగా తెల్లటిదాని నుంచి వరసగా పేర్చమంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం మూడైంది. అదే నా చదువు. ఇప్పుడు సెక్షనుకు ఆమె పెద్ద, నేను ఆమె తరవాత. పదకొండేళ్లుగా ఆమె తరవాత.

గోడమీద రంగుల పట్టీ పూర్తయింది. ఒక్కో సీనుకు అరచేతంత అట్టముక్క. బొమ్మ ఉండదు, ఆ సీను రంగులు మాత్రమే. గది ఈ చివర నిలబడితే సినిమా అంతా ఒక్క చూపులో తెలుస్తుంది. పన్నెండు నుంచి, అంటే గాడిద పోయిన దగ్గర్నుంచి, నలభై దాకా నీలం, బూడిద, మళ్లీ నీలం. డైరెక్టరు దానిముందు చాలాసేపు నిలబడ్డాడు.

"పెద్దమ్మా, మధ్యలో అంతా శవంలా ఉందండీ."

"శవంలానే ఉండాలి బాబూ. ఆగండి."

"ఎందాకా?"

"నలభై ఒకటి దాకా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మే 9, గురువారం

ఎండ. ఏడింటికే నీడలకు అంచులున్నాయి.

పని: సీను 11.

పెద్దమ్మ ఫ్లాస్కులోంచి టీ పోస్తూ కప్పు పక్కన పోసింది. "కప్పే కదిలింది," అంది. కాసేపటికి కిటికీలోంచి చూస్తూ, "ఆ వెళ్లే వ్యాను తెలుపా, పసుపా?" అని అడిగింది. తెలుపన్నాను.

"అలాగా," అంది.

మే 14, మంగళవారం

పొద్దున చిన్న తుంపర. నేల రంగు రెండాకులు ముదిరింది.

పని: సీను 14, ఉప్పుమళ్లు.

"ఇంకా పసుపుందిరా అందులో. తీసెయ్," అంది పెద్దమ్మ. తీశాను. "ఇంకా ఉంది." తెరకు దగ్గరగా వంగి చూశాను. ఏమీ లేదు. మిగిలినదంతా ఎముక రంగు. అయినా తీసినట్టు మౌసు కదిపాను. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అంది.

శుక్లం పట్టిన కంటికి అన్నీ పసుపుబారి కనబడతాయి. మా మామగారి కళ్లు చూసిన డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే నాకు మొత్తం అర్థమైంది. లేని పసుపు ఆమెకు ప్రతి సీనులో కనబడుతోంది. తీసేయిస్తోంది. పట్టీ శవంలా ఉండటానికి కారణం ఇదే.

ఈమధ్య తెరమీద రంగుల అంకెలను భూతద్దం పెట్టి చదువుతోంది. అది కూడా ఇందుకే.

సాయంత్రం వెళ్తూ నల్ల అట్ట నోటుబుక్కు ఇచ్చింది. "సీన్లవారీగా అంకెలన్నీ ఇందులో ఉన్నాయి. చదువు, అడగాల్సిందుంటే అడుగు." సొరుగులో పెట్టాను. సీను 15 గొడవలో ఉన్నాను.

మే 15, బుధవారం

నిన్నటిలాగే.

మా ఆవిడతో చెప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని, కుట్టాల్సిన జాకెట్టు గుడ్డకు దారం కలుస్తుందో లేదో పగటి వెలుతురులో చూసుకుంటోంది. అంతా విని, దారం పంటితో తెంపి,

"పాపం ఆమెకు కళ్లు కనబడకపోతే నీ మొహం ఎందుకలా వెలిగిపోతోంది?" అంది.

నా మొహం ఏమీ వెలగలేదు.

మే 21, మంగళవారం

మబ్బు.

పెద్దమ్మ తొమ్మిదింటికి వస్తుంది. నేను ఏడుంబావుకే వెళ్లాను. సీను 12 తెరిచి అన్నిటికంటే పైన ఒక లేయరు, అంటే పల్చటి రంగు పొర, వేశాను. మామూలు పసుపు, నాలుగు శాతం. చూసేవాడికి పసుపని తెలియదు, సీనుకు కాస్త ఒళ్లు వెచ్చబడినట్టుంటుంది. లేయరుకు 'దుమ్ము' అని పేరు పెట్టాను. దుమ్మెందుకని ఎవరూ అడగరు.

సినిమా బాగుపడటం కోసమే. ఆమె పరువు కోసం కూడా.

మే 22, బుధవారం

ఎండ, గాలి.

పెద్దమ్మ సీను 12 ముందు పొద్దుటంతా కూర్చుంది. గాడిద చెవి రంగు మార్పించింది. దుమ్ము ఆమెకు తెలియలేదు. తెలియకపోవడమే రుజువు.

జూన్ 3, సోమవారం

ఉక్క. ఏడింటికి ఆకాశం కడగని పళ్లెంలా ఉంది.

ఇప్పటికి 12 నుంచి 19 దాకా వేశాను. నాలుగు శాతం చాలలేదు, ఎనిమిది చేశాను.

పేరు మీద నాకు ఆశ లేదు. ఎప్పుడూ లేదు.

ఎడిటరును అందరం కత్తెర అంటాం. ఆమె ముందే అంటాం, ఆమెకూ ఇష్టమే. ఆమెతో టీ తాగుతూ మధ్య సీన్లు మరీ చచ్చినట్టున్నాయేమోనని ఊరికే అన్నాను.

"పెద్దమ్మేమంది?"

"ఆగమంటోంది."

"మరి ఆగొచ్చుగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

జూన్ 11, మంగళవారం

వాన. తొమ్మిదింటికి కూడా లైట్లు వేసే ఉన్నాయి.

డైరెక్టరు సీను 18 చూసి నన్ను పక్కకు పిలిచాడు. "దీనికి ప్రాణం వచ్చిందండీ. ఏం చేశారు?"

"కొంచెం సర్దాను."

"మీరా? పెద్దమ్మా?"

నేనే అన్నాను. ఆయన అడిగాడు గనక చెప్పాను. ఆమె కళ్లు ముందులా లేవని కూడా చెప్పాను. అదీ ఆయన అడిగిన మీదటే. అడిగాడో లేదో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆయన తల పట్టుకుని, "అయ్యో, ఎంత చాకిరీ చేసిన మనిషి. ఆమెకు తెలియనివ్వకండి. మీరు మీ పని చేసుకుంటూ పోండి," అన్నాడు.

ఇప్పుడిది నా సొంత పని కాదు. ఆయన చెప్పిన పని.

జూన్ 12

వాన.

జూన్ 28, శుక్రవారం

పగలంతా మబ్బు. వాన మాత్రం లేదు.

పని: సీను 27. పిల్ల ఉప్పుమడిలో పడుకుని నిద్రపోతుంది. పెద్దమ్మ నిన్న దీన్ని నీలంలో ముంచేసింది. చూస్తుంటే నాకే చలేసింది. ఇవాళ పొద్దున దుమ్ము వేశాక చలి పోయింది.

మా నాన్న గట్టుమీద నిలబడి, పైరు రంగు చూసి ఏ మడికి నీళ్లు కావాలో చెప్పేవాడు. పచ్చగా ఉన్నదాన్ని చూసి ఏ రోజూ చెప్పలేదు. పచ్చదనం తగ్గినదాన్ని చూసే చెప్పేవాడు. ఎందుకో ఇవాళ గుర్తొచ్చాడు.

జూలై 26, శుక్రవారం

మబ్బు పలచబడింది. గోడ రంగు తేనె కలిపిన పాలలా ఉంది.

రంగుల పని అయిపోయింది. సీను 41 మీద పెద్దమ్మ చేయి వేసి ఆఖరి అంకె కొట్టింది. తలుపు తెరుచుకుని దీపం వెలుతురు పిల్ల మొహం మీద, గాడిద మొహం మీద పడుతుంది. చప్పట్లు కొట్టాం.

బల్ల సర్దుకుంటూ, "ముప్పై ఒకటిన కుడికన్నుకు ఆపరేషన్. మూడు వారాలాగి ఎడమది," అంది.

"ఉన్నట్టుండి ఏంటి?"

"ఉన్నట్టుండి ఏంట్రా! రెండేళ్లయింది డాక్టరు చెప్పి. సినిమా సగంలో ఉండగా కళ్లు మార్చుకుంటే, సగం ఒకళ్లు చేసినట్టు, సగం ఇంకొకళ్లు చేసినట్టు ఉంటుంది. అంకెలు కట్టుకుని లాగించాను. పుస్తకం నీకిచ్చాగా."

"ఆఁ."

"చదివావా?"

"చదివాను."

రెండేళ్లుగా తెలుసట. రేపు ఆ పుస్తకం తీసి చూడాలి.

జూలై 27

ఎండ. చూడలేదు.

ఆగస్టు 10, శనివారం

ఎండ. గోడమీద పక్షి నీడ.

పెద్దమ్మ ఫోను చేసింది. గొంతు చిన్నపిల్లలా ఉంది. "ఒరేయ్, మా వంటింటి గోడ తెల్లగా ఉందిరా! మీగడ రంగు వేశాడని ఆ రంగులవాణ్ణి రెండేళ్లనుంచి తిట్టుకుంటున్నాను. ఒక కన్ను మూస్తే పాత గోడ, ఇంకో కన్ను మూస్తే కొత్త గోడ. పొద్దున్నుంచి ఇదే ఆట."

నవ్వాను. ఇంకేమైనా చెబుతాననుకుందేమో, కాసేపు ఆగి పెట్టేసింది.

ఆగస్టు 17, శనివారం

ఏడింటికి చక్కటి ఎండ.

బయటివాళ్లకు మొదటిసారి సినిమా చూపించాం. చుట్టుపక్కల వీధుల వాళ్లు, పిల్లలు, కలిపి అరవైమంది. మా ఆవిడ కూడా వచ్చింది. నేను గోడవారగా నిలబడి తెరను వదిలేసి మనుషులను చూస్తూ ఉన్నాను. గాడిద తప్పిపోయినప్పుడు పిల్లలు బాగానే కుదురుగా చూశారు. మధ్యలో ఎవరూ లేచిపోలేదు. లోలోపల సంతోషించాను.

సీను 41 వచ్చింది. తలుపు తెరుచుకుంది. దీపం. ముందు వరసలో ఒకావిడ వంగి సీటు కింద చెప్పులు వెతుక్కుంటోంది. ఒక పిల్లాడు, "అయిపోయిందా?" అని అడిగాడు. అంతే.

డైరెక్టరు మ్యూజిక్ పెంచితే సరిపోతుందేమో అన్నాడు. కత్తెర మాత్రం అందరూ వెళ్లాక, "దీపం వెలిగిందని దీపానికి తప్ప ఎవరికీ తెలీలేదు," అంది.

ఇంటికొస్తూ మా ఆవిడను అడిగాను.

"బాగుంది. అంతా ఒకేలా, హాయిగా ఉంది."

"చివర?"

"చివర ఇంటికొచ్చినట్టు లేదు. అసలు ఇల్లు ఎప్పుడు వదిలిందని?"

ఆగస్టు 18, ఆదివారం

వెలుతురు చూడలేదు. ఆఫీసుకు వెళ్లి సొరుగు తీశాను.

నల్ల పుస్తకం. సీనుకో పేజీ. పెన్సిల్ రాత, పెద్ద పెద్ద అక్షరాలు. సీను 1 నుంచి 11 దాకా ఎంతెంత పసుపు ఉండాలో అంకెలున్నాయి. 12 దగ్గర్నుంచి ప్రతి పేజీ మీద మొదటి మాట ఒకటే. పసుపు: సున్నా. పసుపు: సున్నా. ఇరవై తొమ్మిది పేజీలు. 41వ పేజీలో: పసుపు: ఉన్నదంతా.

కంటితో చేసింది కాదు. ముందే కూర్చుని, లెక్కగా, ఒక్కో చుక్కా తీసేసింది. చూసేవాడికి పసుపు మీద ఆకలి పుట్టాలని. అప్పుడు దీపం.

ఆరేళ్ల కిందటి సినిమాలో ఎరుపును ఇలాగే దాచింది. అప్పుడు పక్కన కూర్చున్నది నేనే. చివరి సీనులో ఎర్రటి రిబ్బను కనబడగానే హాలంతా ఊపిరి పీల్చడం నేను విన్నాను. నాకు తెలియదని ఎవరితో చెప్పుకోను?

ఆమె కళ్లు చెడిన మాట నిజమే. పట్టీ కూడా సరిగ్గానే ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో.

నలభయ్యో పేజీ అంచున చిన్నగా రాసుంది. "ఇక్కడికొచ్చేసరికి వాడికి చేయి దురద పెడుతుంది. పెట్టనివ్వు. వేయనివ్వకు."

వాడంటే నేను.

దుమ్ము లేయరు తీసేయడం ఎంతసేపు, ఒక్క నొక్కు. కాని ఇరవై తొమ్మిది సీన్లనూ, ఒక్కో బొమ్మనూ, కంప్యూటర్లతో మళ్లీ తయారుచేయించి బయటికి తీయాలి. మిషన్లన్నీ పగలూ రాత్రీ నడిస్తే తొమ్మిది రోజులు. సినిమా పంపాల్సింది సెప్టెంబరు 2న. ఇరవై నాలుగో తేదీ పొద్దున మొదలుపెట్టినా సరిపోతుంది.

రేపు డైరెక్టరుకు చెబుతాను.

ఆగస్టు 19, సోమవారం

ఎండ. డైరెక్టరు రాలేదు.

ఆగస్టు 20, మంగళవారం

ఎండ. వచ్చాడు. మ్యూజిక్ వాళ్లతో ఉన్నాడు.

ఆగస్టు 21, బుధవారం

మబ్బు. పెద్దమ్మ ఎడమకన్ను ఆపరేషన్ ఇవాళ. వెళ్లలేదు. పనుందని చెప్పాను. పని లేదు.

ఆగస్టు 22, గురువారం

వాన, ఆగి ఆగి.

టైటిళ్లు చూపించారు. 'రంగులు' అని దానికింద నా పేరు. దానికింద చిన్న అక్షరాల్లో 'రంగుల సలహా' అని పెద్దమ్మ పేరు. డైరెక్టరు నా భుజం తట్టాడు. కత్తెర నావైపు తిరిగింది.

"నువ్వు అడిగావా?"

"లేదు."

"వద్దన్నావా?"

ఫోను వచ్చినట్టు బయటికి వెళ్లాను.

చెబితే దుమ్ము సంగతి చెప్పాలి. దుమ్ము సంగతి చెబితే ఈ పేరు ఉండదు. నేను దాని గురించి ఆలోచించడం లేదు. ఊరికే వరస రాసుకుంటున్నాను.

ఆగస్టు 23, శుక్రవారం

వాన. రేపు పొద్దున్నే చెబుతాను. రేపటికి తొమ్మిది రోజులుంటాయి.

ఆగస్టు 24

ఆగస్టు 25, ఆదివారం

వాన వెలిసింది. ఇప్పుడు ఎనిమిది రోజులే ఉన్నాయి. ఇక వీలుకాదు. వీలు కానప్పుడు చెప్పి ప్రయోజనం లేదు, వాళ్లను బాధపెట్టడం తప్ప.

సెప్టెంబరు 2, సోమవారం

ఎండ. సినిమా పంపేశారు. లడ్డూలు పంచారు.

సెప్టెంబరు 14, శనివారం

ఏడింటికి గాలి, తెల్లటి ఎండ. నీడలు నీలంగా ఉన్నాయి.

స్టాఫుకు, ఇంట్లోవాళ్లకు సినిమా వేశారు. పెద్దమ్మ నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. నన్ను చూసి, "చొక్కా ఆకుపచ్చదా! ఇన్నాళ్లూ గోధుమరంగనుకుని, వీడికి ఇదేం టేస్టనుకున్నాను," అంది. ఆమె రెండు వరసల ముందు కూర్చుంది. నేను వెనక.

సీను 12 రాగానే అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. 14 దగ్గర ముందుకు వంగింది. 20 దాటాక మళ్లీ వెనక్కి జారగిలబడింది. ఆ తరవాత కదల్లేదు. 41లో తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె తెర చూడలేదు. తల తిప్పి మనుషుల మొహాలు చూసింది. అటు చివరనుంచి ఇటు చివరదాకా, పట్టీని చూసినట్టు. నా మొహం దగ్గర ఆగలేదు.

టైటిళ్లు పూర్తిగా చదివింది. దీపాలు వెలిగాక మెట్లదగ్గర నాకోసం నిలబడింది.

"ఎంత వేశావు?"

"ఎనిమిది శాతం."

"ఎప్పట్నుంచి?"

"మేనుంచి."

"అంతా?"

"పన్నెండు నుంచి నలభై దాకా."

లెక్క సరిచూసుకుంటున్నట్టు తలాడించింది. ఇక అరుస్తుందనుకున్నాను. ఇరవై మూడేళ్లలో చాలాసార్లు అరిచింది. ఒకసారి బ్రష్ విసిరింది కూడా.

"నా కళ్లు చెడ్డాయని ఎప్పుడు తెలిసింది నీకు?"

"మేలోనే."

"ఎవరికి చెప్పావు?"

"డైరెక్టరుకి."

చేతిరుమాలుకోసం సంచిలో వెతికింది. కళ్లు తడవకూడదన్నారట ఇంకో పదిరోజులు. ఎండకు నీళ్లు కారుతున్నాయంది. లోపలున్నాం మేము.

"నాకు చెప్పొచ్చుగదరా," అంది. "నాకు చెబితే, తెలుసులేరా వెధవా, పుస్తకం చదువు, అనేదాన్నిగా."

మెట్లు దిగి వెళ్లింది. ఆమె కొత్త కళ్లతో మెట్లు దిగడం చూశాను. ఒక్క మెట్టు దగ్గర కూడా తడుముకోలేదు.

ఆగస్టు సంగతి చెప్పలేదు. ఆమె అడగలేదు.

సెప్టెంబరు 16, సోమవారం

మబ్బు.

పెద్దమ్మ రాజీనామా పంపిందట. ఈ నెలాఖరు దాకానే ఉంటుందట. డైరెక్టరు వద్దని ఫోను చేశాడు. "కళ్లొచ్చాయి, ఇక ఊళ్లు చూస్తాను," అందట. నన్ను సెక్షనుకు పెద్దను చేశారు. కొత్తవాళ్లు ఒక పూలగుత్తి తెచ్చి బల్లమీద పెట్టారు.

పసుపు పూలు.

సెప్టెంబరు 19, గురువారం

ఎండ. స్టోరు గదిలో పాత మిషను ఒకటి ఉంది. ఎవరూ వాడటం లేదు. చివరి నాలుగు సీన్లు, 38 నుంచి 41 దాకా, దుమ్ము తీసేసి అందులో పెట్టాను. మొత్తం ఏడు నిమిషాల సినిమా. ఆ ముసలి మిషనుకు పదిరోజులు పడుతుంది.

కత్తెర తలుపు దగ్గర నిలబడి చూసింది. "చేతులు కాలాక ఆకులా?" అంది. తరవాత, మిషను ఫ్యాను తిరగడం లేదని చెప్పి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టింది.

సెప్టెంబరు 25

మబ్బు. సీను 40 నడుస్తోంది. చేయి దురద పెట్టింది. పెట్టనిచ్చాను.

సెప్టెంబరు 30, సోమవారం

ఏడింటికి ఆకాశం నిర్మలం. ఎదురు డాబా గోడ తెలుపు. మా తొమ్మిది తెలుపుల్లో గుడ్డుపెంకు తెలుపు.

పని: ఏమీ లేదు.

పెద్దమ్మ సామాన్లు తీసుకోవడానికి పదకొండింటికి వచ్చింది. సామానంటూ పెద్దగా లేదు. కప్పు, శాలువా, రెండు బ్రష్‌లు. నేను నల్ల పుస్తకం ఇచ్చాను. సంచిలో వేసుకుంది. ఒక్క ఏడు నిమిషాలు స్టోరు గదిలోకి రమ్మన్నాను. ఎందుకని అడగలేదు. వచ్చింది.

ఉన్నది ఒక్కటే స్టూలు. కూర్చోమంటే కూర్చోలేదు. సంచి భుజాన పెట్టుకునే నిలబడింది. నేనూ నిలబడ్డాను. కిటికీకి గోనెపట్టా కట్టాను.

38. ఉప్పుమళ్లు. 39. పిల్ల, గాడిద, నీలం దారి. 40లో ఊరి గోడలు, ఒక్క దీపం లేదు, అన్నీ బూడిద. పిల్ల చేయి తలుపు దాకా వెళ్లి ఆగుతుంది. ఆ రెండు క్షణాలు నేను తెరమీదికి వంగాను. ఈ సీను వందసార్లు చూసి ఉంటాను. తలుపు తెరుచుకుంది.

స్టోరు గది గోడలమీద కూడా ఆ వెలుతురు పడింది. మా ఇద్దరి చేతులమీద పడింది. పెద్దమ్మ ఊపిరి పీల్చడం విన్నాను.

అయిపోయాక కిటికీకి కట్టిన గోనెపట్టా విప్పాను.

"అవ్వ చెంప మీద ఒక పిసరు ఎక్కువైంది," అంది.

"తగ్గిస్తాను."

"ఎవరు చూస్తారనిరా?"

అప్పుడు చెప్పాను. పుస్తకం ఆగస్టు పద్దెనిమిదిదాకా తెరవలేదని, తెరిచాక ఇంకా ఆరు రోజులు టైముందని, తొమ్మిది రోజుల లెక్క నేనే వేసుకున్నానని, ఆ టైము అయిపోయేదాకా కూర్చున్నానని. ఆమె నా మొహం వంక చూసింది. శుక్లాలు లేని కళ్లతో అంత దగ్గరగా ఆమె నన్ను చూసి రెండేళ్లయి ఉంటుంది.

"జుట్టు నెరిసిందిరా నీకు," అంది. "నల్లగా ఉందనుకుంటున్నాను."

బయటికి వచ్చి అందరికీ వెళ్లొస్తానని చెప్పింది. కొత్తవాళ్ల తలమీద చేయి పెట్టింది. కత్తెర కారుదాకా సంచి మోసింది. భూతద్దం బల్లమీదే ఉంది. పిలిచి ఇవ్వబోయాను, ఇక అక్కర్లేదంది.

పెద్దమ్మ పదకొండూ నలభైకి వెళ్లింది. కత్తెర ఐదింటికి. కొత్తవాళ్లు ఐదుంబావుకి. నేను ఐదున్నరకి.